ఇద్దరమ్మాయిలు, రెండు కథనాలు

స్టెఫెనీ మేయర్ ‘ట్వైలైట్’ 2005లో వచ్చింది, సుజాన్ కాలిన్స్ ‘ది హంగర్ గేమ్స్’ 2008లో. రెండూ అమెరికా నవలలే. రెండింటిలోనూ పదహారు, పదిహేడేళ్ల అమ్మాయే ‘నేను’ అంటూ కథ చెబుతుంది. రెండూ సినిమాలై, మన పిల్లల చేతుల్లోకీ వచ్చాయి. టీనేజి పాఠకుల కోసం రాసినవి కదా అని వీటిని ఒకే గాటన కట్టి, ‘కథ బాగుంది, రచన మామూలే’ అని తేల్చేయడం పరిపాటి. మన వారపత్రికల సీరియళ్లనూ ఒకప్పుడు ఇలాగే కొట్టిపారేశారు. ఈ తీర్పుతో నాకు పేచీ ఉంది. ఏ సంగతి ఎప్పుడు చెప్పాలో, ఏది చెప్పకుండా వదలాలో తెలియడం రచన కాకపోతే మరేది రచన? ఆ లెక్కన ‘హంగర్ గేమ్స్’ మంచి రచన. ‘ట్వైలైట్’ కొన్ని పేజీల్లో మాత్రమే మంచి రచన.

కాలిన్స్ వాక్యాలు పొట్టివి, అలంకారాలు తక్కువ. వాటి బలం తెలియాలంటే చీటీల లెక్క చూడాలి. పనెమ్ దేశంలో ఏటా ఒక్కో జిల్లా నుంచి ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ చీటీ తీసి, టీవీలో చూపే చావు పోటీకి పంపుతారు. పన్నెండేళ్లు నిండితే ఒక చీటీ, ఆపైన ఏటా ఒకటి చొప్పున పెరుగుతుంది. ఇంట్లో గింజలు లేనివాళ్లు అదనపు చీటీలు వేయించుకోవచ్చు. చీటీకి బదులు ఒక మనిషికి ఏడాది పాటు అరకొరగా సరిపోయే ధాన్యం, నూనె ఇస్తారు. అలా పదహారేళ్ల కాట్నిస్ పేరు మీద 20 చీటీలు, ఆమె స్నేహితుడు గేల్ పేరు మీద 42 పేరుకున్నాయి. చెల్లెలు ప్రిమ్‌కు ఒక్కటంటే ఒక్కటే, అదీ అక్క పట్టుబట్టి అదనపు చీటీలు వేయనివ్వలేదు గనక. తీరా వచ్చేది ఆ ఒక్క చీటీయే. పేదరికం గురించి ఉపన్యాసం లేదు, రాజ్యం క్రూరమైనదన్న విశేషణం లేదు. పాఠకుడు మనసులో కూడిక వేసుకుంటాడు, ఆ కూడికే గుండెను పిండుతుంది. ఇదంతా మొదటి అధ్యాయంలోనే జరిగిపోతుంది.

‘ట్వైలైట్’ మొదటి అధ్యాయంలో బెల్లా ఎండల ఫీనిక్స్ వదిలి, ఎప్పుడూ వాన కురిసే ఫోర్క్స్‌కు వస్తుంది. ఆ నాచు, ఆ పచ్చదనం, పాత ట్రక్కు, మాటలు పెద్దగా రాని తండ్రి చార్లీ, అంతా మనకు కళ్ల ముందు కనబడుతుంది. ఆమె ప్రేమించే రక్తపిశాచి ఎడ్వర్డ్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం రచయిత్రి చూపు మందగిస్తుంది. అతని అందం, చలవరాతి లాంటి చర్మం, చల్లదనం పదేపదే అవే మాటల్లో వస్తాయి. కొత్తగా ఏదీ తెలియనప్పుడు పొగడ్త వర్ణన అవదు. ఎవరైనా ఏదైనా అంటే ఎలా గొణిగారో, ఎలా నవ్వారో కూడా వెంటనే చెప్పాల్సిందే, మాటలోనే ఆ స్వరం వినబడుతుందన్న నమ్మకం ఆమెకు లేదు.

అదే మేయర్, మంచు పడిన ఓ ఉదయం కూతురి ట్రక్కు జారకూడదని చార్లీ తెల్లవారకముందే లేచి చక్రాలకు గొలుసులు బిగించిన సంగతి రాస్తుంది. బెల్లాకు గొంతు పూడుకుపోతుంది. తండ్రి ప్రేమ గురించి అక్కడ అంతకుమించి ఒక్క మాట అక్కర్లేదు. ఈ చేయి ఎడ్వర్డ్ పేజీల్లోనూ ఇలాగే పనిచేసి ఉంటే ఈ వ్యాసం వేరేగా ఉండేది.

ప్రేమ విషయంలో మేయర్‌ది పైచేయి అనిపించే ఘట్టం కూడా ఒకటుంది. బయాలజీ క్లాసులో వీడియో కోసం దీపాలు ఆర్పేస్తారు. పక్కపక్కన కూర్చున్న బెల్లా, ఎడ్వర్డ్ తాకరు, మాట్లాడరు. ఆ చీకట్లో పీరియడ్ మొత్తం గడుస్తుంది, మనమూ ఊపిరి బిగబట్టే చదువుతాం. కాలిన్స్ ప్రేమకు చీకటి దొరకదు, కెమెరా దొరుకుతుంది. చెల్లెలికి బదులు పోటీకి వెళ్లిన కాట్నిస్, గుహలో గాయపడి పడి ఉన్న తన జిల్లా అబ్బాయి పీటాను ముద్దు పెట్టుకోగానే, పోటీని చూస్తున్న గురువు హేమిచ్ నుంచి వేడి సూప్ గిన్నె దిగుతుంది. ముద్దుకు ధర పలికింది. ఆ తర్వాత ఏ ముద్దు నటనో ఏది నిజమో కాట్నిస్‌కే తెలియదు. మొదటిది మనల్ని కదిలిస్తుంది. రెండోది కదిలిస్తూనే ఆలోచనలో పడేస్తుంది, కాబట్టి నా ఓటు దానికే.

కట్టుబడి విషయంలో పోటీయే లేదు. కాలిన్స్ అంతకుముందు పిల్లల టీవీ కార్యక్రమాలకు రాసింది. మూడు భాగాలు, భాగానికి తొమ్మిది అధ్యాయాలు, ప్రతి అధ్యాయం చివర ఒక కుదుపు. మేయర్‌కు 2003లో వచ్చిన కలలో ఒక అమ్మాయి, ఒక రక్తపిశాచి పచ్చికబయల్లో మాట్లాడుకుంటున్నారు. ఆ ఘట్టంతోనే రాయడం మొదలుపెట్టింది. దాని చుట్టుపక్కల పేజీలకు ప్రాణం ఉంది, దూరం జరిగేకొద్దీ సాగదీత. అసలు శత్రువు జేమ్స్ నవల ముప్పాతిక వంతు నడిచాక గానీ రాడు. తీరా అతనితో పోరు వేళకు బెల్లా స్పృహ తప్పుతుంది, పోరు మనకు కనబడదు. ‘నేను’ అని చెప్పే కథకు ఇంతకంటే పెద్ద లోపం ఉండదు. ‘హంగర్ గేమ్స్’లో ఒక పేలుడు వల్ల కాట్నిస్‌కు ఒక చెవి వినబడకుండా పోతుంది. అక్కణ్నుంచి అడుగుల చప్పుడు ఒకవైపు నుంచే వినబడుతుంది, భయం రెట్టింపవుతుంది. ఒకరు గాయాన్ని కథ దాటవేయడానికి వాడుకుంటే, ఇంకొకరు చెప్పడానికి వాడుకున్నారు.

అయితే కాలిన్స్ తప్పించుకున్న ప్రశ్న ఒకటుంది, అది చిన్నది కాదు. ఇరవైనలుగురిలో ఒక్కరే మిగలాలి. కాట్నిస్, ఆమెతో జతకట్టిన పన్నెండేళ్ల రూ చివరిదాకా మిగిలితే? ఆ స్థితి రాకుండానే రూను వేరొకడు పొడిచేస్తాడు. కాట్నిస్‌కు ఉపకారం చేసిన పోటీదారు థ్రెష్‌ను ఇంకొకడు చంపుతాడు. మరో అమ్మాయి విషపు పళ్లు తానే తిని పోతుంది. నాయిక చేతికి నిర్దోషి రక్తం అంటకుండా రచయిత్రి ముందే దారి ఊడ్చి పెట్టింది. ముగింపులో చనిపోయిన పిల్లల కళ్లతో వచ్చే మృగాలు భయపెడతాయే గానీ ఆ లోటు పూడ్చవు.

రచయిత స్టీఫెన్ కింగ్ 2009లో మేయర్‌కు రాయడం రాదన్నాడు. అంతకు ముందటేడే ‘హంగర్ గేమ్స్’ను సమీక్షించి ‘బి’ గ్రేడు ఇచ్చాడు. మొదటి మాట కటువైనది, చార్లీ గొలుసులు రాసిన చేతిని అలా తీసిపారేయకూడదు. రెండోది పిసినారితనం. నేనైతే ‘ఎ’ ఇస్తాను, రూ విషయంలో మాత్రం అర మార్కు తగ్గించి.