సర్వపిండికి తగిన ఇనుము

సర్వపిండి చేసేవాళ్లు పిండిని ముందు గిన్నెలో ఒత్తుతారు, ఆ తర్వాతే పొయ్యి మీద పెడతారు. బియ్యప్పిండిలో నువ్వులు, నానిన శనగపప్పు, పల్లీలు, కరివేపాకు, దంచిన పచ్చిమిర్చి కలిపి, నూనె రాసిన చల్లటి గిన్నెలో అడుగు నుంచి అంచుల దాకా పలుచగా పరుస్తారు. వేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూత పెడతారు. వరంగల్ వైపు దీన్నే గిన్నప్ప అనీ, తపాల చెక్క అనీ అంటారు. తిప్పి వేయడం ఉండదు. కింద ఎర్రగా కరకరలాడాలి, పైన మెత్తగా ఉండాలి. పలుచటి స్టీలు గిన్నెలో మంట తగిలిన చోట మాడుతుంది, మిగతాది పచ్చిగానే ఉంటుంది. చిల్పూరు, స్టేషన్ ఘన్‌పూర్, జనగామ ప్రాంతాల్లో అందరికీ తెలిసిన ఈ వంటే, నా దృష్టిలో, ఇనుప గిన్నెకు అసలైన పరీక్ష.

మన పాత వంటిళ్లలోని ఇనుము చాలావరకు కొట్టిన ఇనుము. దానికి కారణం ఉంది. ఉత్తర తెలంగాణ ఊళ్లలో రాతి ఖనిజాన్ని బొగ్గుతో కరిగించిన మట్టి కొలుముల్లో ఇనుము నీరై పారేది కాదు, ముద్దగా వచ్చేది. ఆ ముద్దను కాల్చి, దాగలి మీద పెట్టి, సమ్మెటతో కొడితే చిట్టెం రాలిపోయి ఇనుము మిగిలేది. నిజామాబాద్ దిక్కు కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. 19వ శతాబ్దం తొలినాళ్లలో భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ ఆ పనిని కళ్లారా చూసి రాశాడు. కానీ అది కత్తులకు పోయిన ఉక్కు. ఇంట్లోకి వచ్చింది కమ్మరి కొట్టిన పెంక, మూకుడు, గంటె. కరిగిన ఇనుమును అచ్చుల్లో పోసి గిన్నెలు చేయడం చైనాలో రెండు వేల ఏళ్లకు పైబడిన విద్య. ఇంగ్లండులో అబ్రహాం డార్బీ ఇసుక అచ్చుల్లో గిన్నెలు పోసే పద్ధతికి 1707లో పేటెంటు తీసుకున్నాడు. మన దుకాణాల్లో ఇప్పుడు దొరికే పోత గిన్నెలు చాలావరకు కోయంబత్తూరు వంటి చోట్ల ఉన్న ఫౌండ్రీల నుంచి వస్తున్నవే.

రెండూ ఇనుమే అయినా స్వభావాలు వేరు. పోత ఇనుములో కార్బన్ 2 శాతం పైన ఉంటుంది. అందుకే గట్టిగా ఉంటుంది, అందుకే కిందపడితే పగులుతుంది. కొట్టిన ఇనుము వంగుతుంది కానీ పగలదు. జొన్నరొట్టెకు త్వరగా వేడెక్కే కొట్టిన పెంకే కావాలి. సర్వపిండికి, అట్లకు పోతదే మేలు. ఇనుము వేడిని సమంగా పంచుతుందన్న మాట మాత్రం నిజం కాదు. ఆ పనిలో అల్యూమినియమే నయం. పోత గిన్నె బలమంతా బరువులో ఉంది: నెమ్మదిగా వేడెక్కుతుంది, ఎక్కిన వేడిని అంత తొందరగా వదలదు. అందుకే సన్నటి మంట మీద ఓపిక పట్టాలి.

కొనేటప్పుడు గిన్నెను చేత్తో ఎత్తి వేలి కణుపుతో కొట్టండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే ఎక్కడో నెర్రె ఉన్నట్టు. లోపల వేళ్లతో తడమండి. సన్నటి ఇసుక గరుకు ఉంటే పర్వాలేదు, అది వాడకంలో నునుపెక్కుతుంది. గుంటలుంటే వద్దు. నల్లరంగు పూసి మెరిపించినదీ వద్దు.

కొత్త గిన్నెను ఒకటి రెండు రోజులు గంజిలోనో, బియ్యం కడిగిన నీళ్లలోనో ఉంచి, పీచుతో తోమి కడగాలి. నలుపు దిగడం తగ్గేదాకా ఇలాగే చేయాలి. తర్వాత పొయ్యి మీద పూర్తిగా ఆరబెట్టి, గోరువెచ్చగా ఉన్నప్పుడు నూనె పట్టించాలి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. నూనె ఎక్కువైతే పొర జిగురు కడుతుంది. రాసిన నూనెనంతా పొడిబట్టతో తుడిచేయాలి, ఏమీ మిగల్లేదనిపించాలి. అప్పుడు పొగ వచ్చి ఆగేదాకా కాల్చాలి. ఆ వేడిలో నూనె గాలితో కలిసి, అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టి పొరగా మారుతుంది. ఇలా నాలుగైదు పొరలు పడాలి. మన మెట్టపొలాల కుసుమ నూనె ఈ పనికి బాగుంటుంది. అవిసె నూనె గట్టి పొర కడుతుంది కానీ పెచ్చులూడుతుంది. చివర్న ఉల్లిగడ్డ ముక్కలు నల్లబడేదాకా వేయించి పారేయండి.

ఒక జాగ్రత్త తప్పనిసరి. స్టీలు గిన్నెలో సర్వపిండి చేసినప్పుడు, రెండోది ఒత్తడానికి గిన్నె వెనక నీళ్లు పోసి చల్లార్చే అలవాటు మన ఇళ్లలో ఉంది. పోత గిన్నెకు ఆ పని చేస్తే పగిలిపోవచ్చు. రెండు గిన్నెలు పెట్టుకుని మార్చి మార్చి వాడుకోవాలి.

చింతపండు చారు, పుంటికూర, టమాట వండితే నూనె పొర పోతుంది, కూర నల్లబడుతుంది. అయితే పులుపు ఇనుమును లాగుతుందన్నదీ అంతే నిజం. 1986లో అచ్చయిన అమెరికా అధ్యయనంలో, ఆపిల్ గుజ్జును ఇనుప గిన్నెలో వండితే 100 గ్రాముల్లో ఇనుము 0.35 మిల్లీగ్రాముల నుంచి 7.38కి చేరింది. 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఇథియోపియా అధ్యయనంలో, ఏడాదిపాటు ఇనుప కుండల్లో వండింది తిన్న పిల్లల హిమోగ్లోబిన్ సగటున 1.7 గ్రాములు పెరిగితే, అల్యూమినియం కుండల ఇళ్ల పిల్లల్లో 0.4 గ్రాములే పెరిగింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. ఇది చదివాక ఇనుప మూకుడును అటకెక్కించడానికి నాకు మనసొప్పదు. అందుకే పోత గిన్నెను సర్వపిండికి, వేపుళ్లకు ఉంచి, పులుపు కూరలకు వేరే ఇనుప మూకుడు పెట్టుకోమంటాను. వండగానే స్టీలు గిన్నెలోకి మార్చేయాలి. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలకు ఇది బదులు కాదు. తలసేమియా ఉన్నవాళ్లు ఇనుప పాత్రల్లో వండుకునే ముందు డాక్టరును అడగాలి.

అటక మీద జంగు పట్టిన పెంక ఉంటే పారేయకండి. చింతపండు నీళ్లు, ఇటుకపొడి వేసి రుద్దితే జంగు వదులుతుంది. వెంటనే మంట మీద ఆరబెట్టి మళ్లీ నూనె పట్టించండి. నెర్రె పడ్డ పోత గిన్నెకు మాత్రం ఇంట్లో చేయగల వైద్యం లేదు, పాత ఇనుప సామానుకు వేయాల్సిందే. కొట్టిన పెంక వంగిందంటే కొలిమి దగ్గరికి తీసుకెళ్లండి. కమ్మరి దాన్ని కాల్చి, నాలుగు దెబ్బలు వేసి, సాపు చేసి ఇస్తాడు.