బోదకాలు మాత్ర వెనుక

బోదకాలు గోదావరి జిల్లాలను తరతరాలుగా పీడించింది. దోమ కుట్టి పురుగు ఒంట్లో చేరేది తరచు పసితనంలోనే. కాలు వాచేసరికి ఏళ్లు గడిచిపోతాయి. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. అక్కడ పరిశోధనకు పెద్దగా ఉన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అమెరికా చదువుకు సాయపడతామని మాటిచ్చింది మన కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థే!

ఈ మందు కోసం పురుగు సోకిన ఎలుకలకు ఒక్కో రసాయనమే ఇచ్చి, మళ్లీ మళ్లీ నెత్తురు చుక్కను సూక్ష్మదర్శిని కింద వెతకడం ఎంత ఓపిక పని! పేరు మాత్రం సుబ్బారావు తోటివారికే వదిలేవారు, ఆ గుణం నాకు మరీ గొప్పగా తోస్తుంది. బోస్టన్‌లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా (నెత్తురు క్యాన్సర్) పిల్లలకిచ్చిన అమినోప్టెరిన్ మందు కూడా ఆయన బృందం చేసిందే. కొందరు పిల్లల్లో జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది; అంతకుముందు ఆ మాత్రం ఆశ కూడా లేదు.