నిప్పుకు కాపలా

కట్టెల పొగలో మాంసం మగ్గబెట్టే విద్యకు అమెరికాలో నాలుగైదు రాజధానులున్నాయంటారు. కాన్సస్ సిటీ, మెంఫిస్, కరోలినాలు, ఎవరి గొప్ప వాళ్లది. పెద్దపీట మాత్రం సెంట్రల్ టెక్సస్‌కే వేయాలి. మిగతాచోట్ల సాస్ కింద దాక్కునే లోపాలు ఇక్కడ పళ్లెంలో బయటపడిపోతాయి. ఎందుకంటే ఇక్కడ మాంసానికి పట్టించేది ఉప్పు, మిరియాల పొడి. అంతే.

లాక్‌హార్ట్‌లో 1900లో మొదలైన క్రైట్స్ మార్కెట్ దశాబ్దాలపాటు సాస్ ఇవ్వలేదు, ఫోర్కూ ఇవ్వలేదు. కాగితంలో కోసిపెడితే చేత్తో తినడమే. (మనవాళ్లకు ఆ పని ఒకరు నేర్పక్కర్లేదు.) కుటుంబ తగాదా వచ్చి 1999లో పాత భవనం వదలాల్సి వచ్చినప్పుడు, వాళ్లు పాత పొయ్యిలోని నిప్పులను ఒక తొట్టిలో పోసి రోడ్డు వెంట కొత్త భవనం దాకా ఈడ్చుకెళ్లారు. ఫర్నిచర్ సంగతి తర్వాత, ముందు నిప్పు! ఆ పట్టుదల ముందు ఏ అవార్డు ఏపాటిది?

చరిత్ర అంటారా, జర్మన్, చెక్ వలస కసాయిలు అమ్ముడుపోని ముక్కలను పొగబెట్టి అమ్మడంతో మొదలైందని చెబుతారు. అంతకుముందే గుంటలు తవ్వి, రాత్రంతా మేలుకుని మాంసం కాల్చిన నల్లజాతి బానిసల పనితనం దీని పునాదుల్లో ఉంది. వాళ్ల పేర్లు ఏ బోర్డు మీదా ఎక్కలేదు.

ఈ విద్యకు అసలు పరీక్ష బ్రిస్కెట్, అంటే పశువు రొమ్ము భాగం. ఐదారు కిలోల ముక్క. పైన కొవ్వు నిండిన కండ ఒకటి, కింద పల్చటి కండ ఒకటి, రెండింటి స్వభావం వేరు. హడావుడిగా ఉడికిస్తే చెప్పు అట్టలా మిగులుతుంది. అందుకే 110 నుంచి 135 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య సెగలో పది, పన్నెండు గంటలు ఉంచుతారు. లోపలి వేడి 65, 70 డిగ్రీల దగ్గరకు వచ్చాక గంటల తరబడి కదలదు. కొత్తవాళ్లు కంగారుపడి మంట ఎగదోసేది ఇక్కడే. మాంసం పైనుంచి తడి ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తోందని, ఆ ఆగుడుకు కారణం అదేనని భౌతికశాస్త్రవేత్త గ్రెగ్ బ్లాండర్ ప్రయోగాలు చేసి చూపించాడు. ఆ దశలో ముక్కను మాంసం చుట్టే మందపాటి కాగితంలో చుట్టి మళ్లీ పొయ్యిలో పెడతారు. 95 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి పీచుల మధ్యనున్న కొల్లాజెన్ కరిగి జెలటిన్ అయిపోతుంది. దించాక కూడా గంటో రెండు గంటలో కదపకుండా ఉంచాల్సిందే. అప్పుడు కోసిన ముక్కను వేలి మీద వేస్తే రెండువైపులా వాలుతుంది, తెగదు. చుట్టూ నల్లటి పెచ్చు, దాని కింద గులాబీ రంగు అంచు. ఆ రంగు పొగలోని వాయువులు మాంసంలోని మయోగ్లోబిన్‌తో కలవడం వల్ల వస్తుంది. చూడముచ్చటే గానీ రుచికి దానితో సంబంధం లేదు.

రుచి అంతా మంటలోనే ఉంది. ఆస్టిన్‌లో 2009లో చిన్న ట్రెయిలర్ బండితో మొదలై, 2015లో జేమ్స్ బియర్డ్ అవార్డు అందుకున్న ఆరన్ ఫ్రాంక్లిన్ మాంసం కంటే మంట గురించే ఎక్కువ మాట్లాడతాడు. ముంజేతి లావు ఓక్ చీలికను ముందు పొయ్యి పెట్టె మీద వెచ్చబెట్టుకోవాలి. లోపల వేయగానే భగ్గున అంటుకోవాలి. చిమ్నీ నుంచి వచ్చే పొగ పల్చగా, నీలంగా, ఉందా లేదా అన్నట్టుండాలి. అప్పుడే కట్టెలోని లిగ్నిన్ విడిపోయి గ్వాయకాల్, సిరింగాల్ లాంటి సువాసన పదార్థాలు పుడతాయి. తెల్లగా గుప్పుగుప్పుమంటే కట్టె మండటం లేదు, ఉడుకుతోంది. ఆ చేదు మాంసానికి పట్టిందంటే ఇక వదలదు.

లెక్సింగ్టన్ ఊళ్లో టూట్సీ టొమానెట్జ్ గారి పద్ధతి మరొకటి. 1935లో పుట్టిన ఆవిడ శనివారం తెల్లవారక ముందే స్నోస్ బార్బెక్యూలో పార పట్టుకుని, వేరే గుంటలో కాలిన కట్టెల నిప్పులు ఎత్తి పొయ్యిలో సర్దుతారు. మిగతా రోజుల్లో బడి ఆవరణలో పని చేస్తూ వచ్చారు. ఆ హోటల్ తెరిచేది వారానికి ఒక్క శనివారమే. టెక్సస్ మంత్లీ పత్రిక 2008లో, మళ్లీ 2017లో రాష్ట్రం మొత్తానికి దానికే మొదటి స్థానం ఇచ్చింది. యంత్రం తెచ్చి ఆవిడ పార పక్కన పెట్టమనండి చూద్దాం!

ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్లకు మొదటి చిక్కు కట్టె. టెక్సస్‌లో పోస్ట్ ఓక్‌దే అగ్రస్థానం. హికరీ, పికాన్ కూడా మంచివే. కొట్టిన చెట్టును ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఎండనివ్వాలి. చివర్లు పగుళ్లు తీసి, రెండు చీలికలు కొడితే ఖణేల్‌మనాలి. దబ్‌మంటే ఇంకా పచ్చిదే. పైన్ పనికిరాదు. రంగు వేసినదీ, మందు పట్టించినదీ అయితే పొయ్యి దరిదాపులకే రానివ్వకూడదు. కొనేటప్పుడు ‘కార్డ్’ అంటే 128 ఘనపుటడుగులని గుర్తుంచుకుని పేర్చి కొలిపించుకోవాలి. ట్రక్కులో ఇష్టమొచ్చినట్టు పోసి కార్డ్ అని చెప్పే గడుసువాళ్లు అక్కడా ఉన్నారు. దూరప్రాంతపు కట్టె తేవద్దని అటవీశాఖ మొత్తుకునేదీ ఊరికే కాదు. ఓక్ విల్ట్ అనే తెగులు తెచ్చే శిలీంధ్రం పచ్చి కట్టెతో పాటు ప్రయాణం చేసి కొత్త చెట్లను చంపేస్తుంది.

పెద్ద పొయ్యి లేనివాళ్లకు 1952లో జార్జ్ స్టీఫెన్ నీటి మీద తేలే లోహపు బోయాను అడ్డంగా కోసి తయారుచేసిన గుండ్రటి కెటిల్ చాలు. బొగ్గు ఒక పక్కకు, మాంసం రెండో పక్కకు. నిప్పుల మీద రెండు మూడు ఓక్ ముక్కలు. వాటిని నీళ్లలో నానబెట్టమనే సలహా శుద్ధ దండగ, ఆవిరి తప్ప ఒరిగేదేం లేదు. పైగాలి కన్నం పూర్తిగా తెరిచి, కింద కన్నంతో సెగ దిద్దుకోవాలి. గరాజ్‌లో, ఇంటి లోపల మాత్రం వద్దే వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. గొడ్డుమాంసం ముట్టని తెలుగిళ్లలో ఇదే పద్ధతి మేక జబ్బకూ కోడికీ బ్రహ్మాండంగా కుదురుతుంది. మేకకు టెక్సస్‌లో తక్కువ గౌరవమేం లేదు, బ్రేడీ ఊళ్లో ఏటా మేక మాంసం పోటీలే జరుగుతాయి.

బొగ్గు దగ్గరికొస్తే మన కడప గుర్తుకు రావాలి. టెక్సస్ వాళ్లు మెస్కిట్ అనే చెట్టుకు దగ్గరి చుట్టం మన సర్కారు తుమ్మ. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఆ విత్తనాన్ని 1870ల్లో కమలాపురం ప్రాంతంలో నాటారు. పొలాలు మింగేసిందని రైతులు తిట్టుకునేదీ, బట్టీల్లో బొగ్గై కబాబ్ పొయ్యిలకు చేరేదీ అదే. గట్టి బొగ్గు, మంచి సెగ. పచ్చి కట్టె పొగ మాత్రం ఘాటు. అందుకే ఇక్కడ ప్రయత్నించేవాళ్లు సెగకు తుమ్మ బొగ్గు పెట్టి, పొగకు ఎండిన మామిడి, జామ ముక్కలు వేసుకుంటే మేలు. కొనేటప్పుడు బస్తా అడుగున చెయ్యి పెట్టి చూడాలి. పొడే ఎక్కువుంటే గాలి ఆడదు, నిప్పు నిలవదు.

ఇంత చేసే విద్యను ఇప్పుడు సీసాలో పోసి అమ్ముతున్నారు. లిక్విడ్ స్మోక్ చుక్కలు వేసి ఓవెన్‌లో ఉడికించి ‘వుడ్ స్మోక్డ్’ అని మెనూలో అచ్చు వేయడానికి నోరెలా వస్తుందో! గ్యాసు మీద తిరిగే స్టీలు బీరువాలో పేరుకు ఒక దుంగ పడేసి, పొద్దున్నే వచ్చి తలుపు తీసేవాళ్లను కూడా పిట్‌మాస్టర్లనే, అంటే పొయ్యి ఉస్తాదులనే అంటున్నారు. రంపపు పొట్టు గుళికలను మర ఒకటి దానంతటదే తోస్తుంటే ఫోన్‌లో వేడి చూసుకోవడం సౌకర్యమే కావచ్చు, దాన్ని విద్య అనొద్దు. వెలిగించే ద్రవం ముందే పట్టించిన బొగ్గుతో వండినవాటిలో కిరోసిన్ కంపు తప్ప మరేముంటుంది? రాత్రంతా కూర్చునే పిల్లలకు సరైన జీతమివ్వకుండా ఈ యంత్రాలు కొంటున్న యజమానులే ఇందులో మొదటి దోషులు. రెండో దోషి అడగని కస్టమర్.

కాబట్టి డాలస్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా స్మోక్డ్ పేరుతో రెట్టింపు ధర వేసినచోట ఆర్డర్ ఇచ్చే ముందే పొయ్యి ఎక్కడ, కట్టెల గుట్ట ఎక్కడ అని అడగండి. టేలర్‌లో 1949 నుంచి నడుస్తున్న లూయీ ముల్లర్ హోటల్లో ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు, లోపలికి వెళ్తే మసిబారిన గోడలే చెబుతాయి. చూపించడానికి వెనకాడే చోట మామూలు కోడికూర తెప్పించుకుని సగం ధరతో బయటపడొచ్చు.