ఆడింది ఎవరు?

తెలుగు కవిత్వంలో పాడే పిట్ట దాదాపు ఎప్పుడూ ఆడదే. కోయిలమ్మ అంటాం, కోయిలయ్య అనం. నాట్యం అనగానే మయూరి అంటాం. కాలు పోగొట్టుకున్న నర్తకి కథతో సింగీతం శ్రీనివాసరావు తీసిన సినిమా పేరు కూడా అదే. కానీ మయూరి అంటే ఆడనెమలి. దానికి ఆ పింఛం ఉండదు, అది విప్పి ఆడేదీ లేదు. మామిడితోటలో పొద్దున్నే గొంతు చించుకునేది నల్లటి మగ కోయిల. గోధుమరంగు ఒంటి మీద తెల్లచుక్కలున్న ఆడకోయిలది కిక్ కిక్ మనే అరుపు. దాని ధ్యాసంతా కాకి గూడు మీద.

కవులకి తెలీక ఇలా జరిగింది అనడానికి లేదు. కాళిదాసు కుమారసంభవంలో వసంతాన్ని వర్ణిస్తూ 'పుంస్కోకిల' అనే రాశాడు, అంటే మగ కోయిల. ఆ శ్లోకం కంఠతా వచ్చిన పండితులున్న భాషలోనే కోయిల అమ్మగా మారింది. నాకు తోచిన కారణం ఒకటి వ్యాకరణంలో ఉంది. తెలుగులో ఏకవచనానికి వచ్చేసరికి ఆడవాళ్లకీ, మనుషులు కానివాటికీ ఒకటే క్రియ. సీత ఆడింది, నెమలి ఆడింది, బొంగరం కూడా ఆడింది. బహువచనంలో ఆడవాళ్లు 'ఆడారు' అని మనుషుల్లో కలుస్తారు, నెమళ్లు 'ఆడాయి' దగ్గరే ఆగిపోతాయి. కవికి కావాల్సింది ఒంటరి పిట్ట. ఒంటరి పిట్ట ఏం చేసినా 'ది'తో ముగుస్తుంది. చెవికి అది స్త్రీ అయిపోతుంది.

ఒక్క గిజిగాడి దగ్గర మాత్రం భాష సరిగ్గా చూసింది. పేరులోనే 'గాడు' ఉంది. గద్వాల నుంచి అలంపురం దాకా నడిగడ్డలో, ఇటు వనపర్తి వైపు, పాత బావుల మీదికి వంగిన తుమ్మకొమ్మలకీ ఈతమట్టలకీ వేలాడే ఆ గూళ్లు అల్లేది మగపిట్టే. (క్రియ దగ్గరికొచ్చేసరికి మళ్లీ 'కట్టింది' అనే అంటామనుకోండి.) జాషువా 'గిజిగాడు' నాకు చాలా ఇష్టమైన ఖండిక. దాన్ని పాఠంగా చెప్పేవాళ్లు ఆ పిట్టని శ్రమజీవి అనీ, ఆదర్శ గృహస్థు అనీ అంటారు. శ్రమజీవి అన్నమాట నిజమే. గృహస్థు అనడమే తేడా.

1931లో సలీం అలీ గిజిగాళ్ల కాపురం మీద రాసిన వ్యాసం ఆ కథని తలకిందులు చేసింది. మగపిట్ట గూడు సగమే అల్లుతుంది. తలకిందులైన టోపీ లాంటి గుమ్మటం, అడుగున అడ్డంగా ఒక పట్టీ. అక్కడ ఆపి, రెక్కలు కొట్టుకుంటూ కేకలు వేస్తుంది. ఆడపిట్టలు వస్తాయి. లోపలికి దూరి, ముక్కుతో లాగి చూస్తాయి. నచ్చకపోతే ఎగిరిపోతాయి. ఒకరికి నచ్చితేనే గుడ్ల గదీ, కిందికి దిగే గొట్టం దారీ పూర్తవుతాయి. ఆమె గుడ్లు పెట్టేసరికి అతను పక్క కొమ్మ మీద ఇంకో సగం గూడు మొదలుపెట్టేసి ఉంటాడు. ఎవరికీ నచ్చని సగం గూళ్లు అలాగే వేలాడతాయి. మన దిక్కు బావుల మీద వాటిని చూసి, గాలికి తెగిపోయాయి పాపం అనుకుంటాం. అవి తిరస్కారాలు.

ఇంకో సంగతి. సుహేల్ ఖ్వాదర్ గిజిగాళ్ల మీద చేసిన పరిశోధనలో తేలిందేమంటే, ఆడపిట్ట అల్లికలోని నేర్పు కన్నా గూడు ఎక్కడుంది అన్నదానికే ఎక్కువ విలువిస్తుంది. ముళ్ల చెట్టేనా, తగినంత ఎత్తులో ఉందా? కవీ, మాస్టారూ, మనమూ అందరం శిల్పం చూసి మురిసిపోయాం. ఆమె పాము ఎక్కుతుందా లేదా అని చూసింది. విమర్శకురాలంటే అలా ఉండాలనిపిస్తుంది నాకు.

సైన్సు వాళ్లకి కూడా ఈ చూసే ఆమెని ఒప్పుకోవడం అంత తేలిగ్గా జరగలేదు. మగనెమలి పింఛం ఆడనెమళ్ల ఎంపిక వల్లే ఇలా తయారైందని డార్విన్ 1871లో రాస్తే, సహజ ఎంపికని అతనితో పాటే కనిపెట్టిన వాలెస్ ఒప్పుకోలేదు. పిట్టకి, అందులోనూ ఆడపిట్టకి, సౌందర్యదృష్టి ఏమిటని ఆయన అనుమానం. పింఛంలో ఆమె దేన్ని చూస్తుందనేది ఇప్పటికీ తేలలేదు. 1990ల్లో ఇంగ్లండులో మారియన్ పెట్రీ కన్నుల సంఖ్య అంది. 2008లో జపాన్ వాళ్లు ఏడేళ్లు చూసి, దానికీ దీనికీ సంబంధం లేదన్నారు. చూస్తుంది, ఎంచుకుంటుంది అన్నదాంట్లో మాత్రం ఇప్పుడు పెద్దగా పేచీ లేదు.

మనకింకా ఉంది. మగనెమలి కన్నీరు తాగి ఆడనెమలి గర్భం దాలుస్తుందని 2017లో రాజస్థాన్ హైకోర్టు న్యాయమూర్తి ఒకరు పదవీ విరమణ రోజున అంటే నవ్వుకున్నాం. ఆ మాట మన ఊళ్లలో వినలేదా? ఆ కథలో ఆడనెమలికి కోరిక లేదు, కళ్లు లేవు, నోరు ఒక్కటే ఉంది. నవ్వి వదిలేసే మూఢనమ్మకం కాదది. కోయిలమ్మ చేసిన పనే ఇంకాస్త మొరటుగా చేస్తోంది.

గద్వాల చీర కొంగు మీద జరీతో నెమళ్లు నేస్తారు. మగనెమలి సింగారాన్ని పెళ్లికూతురికి కట్టబెట్టి కూర్చోబెడతాం, చూడ్డానికి వచ్చేది వాళ్లు. కవిత్వంలో జరిగింది కూడా ఈ మార్పిడే: ఆడేవాడి చోట ఆమెని నిలబెట్టి, చూసే పీట కవి తీసుకున్నాడు. చిత్రమేమంటే, విద్వద్గద్వాల అని పేరున్న ఆ సంస్థానంలోనే కవులు బారులు తీరి తమ విద్య ప్రదర్శించేవారు. చివరి ఏళ్లలో వాళ్లని మెచ్చి సన్మానించే పీటలో కూర్చున్నది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. బావి మీద గిజిగాళ్ల గుంపు గుర్తొస్తే నా తప్పు కాదు.

కవిత్వం జంతుశాస్త్రం కాదు కదా అంటారు. కాదు. పిట్టల్ని చూసి మనుషులు ఎలా బతకాలో నేర్చుకోమనీ నేననను. కోయిల కాపురం చూసి ఎవరూ నేర్చుకోలేరు. కానీ ప్రకృతి కవిత్వం అని పేరు పెట్టుకున్నాక, చూడటం అనే పని ఒకటుంటుంది. మగనెమలి పింఛం విప్పి తిరుగుతుంటే పక్కనే గింజలేరుకుంటూ, చూసీ చూడనట్టు ఉండే ఆ బూడిదరంగు నెమలి మీద నాకో పద్యం కావాలి. నాగర్‌కర్నూలు దాటి నల్లమలలోకి పోతే ఆ దృశ్యానికి కొదవ లేదు.

కొన్నిటికి కొదవ వచ్చేసింది కూడా. అలంపురం నుంచి తుంగభద్ర దాటితే కర్నూలు, ఆ పక్క రోళ్లపాడు. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. మగ బట్టమేక గడ్డిమైదానంలో నిలబడి, మెడ కింది సంచిని నేల తాకేంత ఉబ్బించి, దూరానికి వినబడేలా మూలుగుతుంది. ఆడది వచ్చి చూసి, నచ్చితే కలిసి, నేల మీద ఒక్కటంటే ఒక్క గుడ్డు పెట్టి, ఒంటరిగా పెంచుతుంది. నేను చదివినంతలో ఆ ఆట మీద తెలుగులో ఒక్క ఖండిక లేదు. ఇప్పుడు రోళ్లపాడులో ఆ పక్షి కనబడటమే గగనం. దేశం మొత్తం మీద మిగిలినవి నూటయాభై లోపే, ఎక్కువ భాగం రాజస్థాన్‌లో. గుజరాత్ కచ్‌లో అయితే పరిస్థితి ఎక్కడికొచ్చిందంటే, కొన్నేళ్ల పాటు నాలుగైదు ఆడపక్షులే మిగిలాయి. వాటి ముందు ఆడటానికి ఒక్క మగది లేదు.