సముద్రంలో నాగటి చాళ్లు

ఆదివారం పొద్దున్నే బెంగళూరు లాల్‌బాగ్‌లో పిట్టల్ని చూసేవాళ్ల వెంట కొన్నేళ్లుగా తిరుగుతున్నాను. ఈ విద్య నాకు పెద్దగా అబ్బలేదు. సగం రోజులు పిట్ట కనబడదు. కొమ్మ కింద రెట్టో, కొరికి వదిలేసిన పండో కనబడుతుంది. పక్కనున్న పెద్దాయన వాటిని చూసే ఏ పిట్ట వచ్చి వెళ్లిందో చెప్పేస్తాడు.

ఇదే పనిని అండమాన్ సముద్రం అడుగున చేసినవాళ్లున్నారు. మైసూరు కేంద్రంగా ఉన్న నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్‌లో ఎల్రికా డిసౌజా, ఆమె సహచరులు అక్కడి సముద్రపు ఆవులను ఏళ్లపాటు పరిశీలించారు. మూడు మీటర్ల పొడవు, 400 కిలోల దాకా బరువు. అయినా కంట పడదు. కొద్ది నిమిషాలకోసారి ముక్కుపుటాలు మాత్రం నీటి పైకి తెచ్చి, ఊపిరి పీల్చుకుని మునిగిపోతుంది.

దొరికేది దాని జాడే. నోరు కిందికి తిరిగి ఉంటుంది కాబట్టి ఇసుకకు మూతి ఆనించి, సముద్రగడ్డిని వేళ్లతో సహా పెకలించుకుంటూ పోతుంది. మా వీధిలో తోపుడుబండి మీద వచ్చే తోటకూరను పీకినట్టు, వేరు కూడా వదలదు. రోజుకు 30, 40 కిలోలు కావాలి మరి. అది మేసిన దారి గడ్డి మధ్య బోసిగా, అచ్చం నాగటి చాలులా మిగులుతుంది. ఆవు అన్నారు గానీ, ఎద్దు అంటే సరిపోయేదేమో! నిజానికి దాని చుట్టరికం ఏనుగులతో.

చాలు కొత్తదైతే ఇసుక తేటగా ఉంటుంది. పాతదైతే గడ్డి మళ్లీ కమ్ముకుంటుంది. సముద్రపు ఆవు ఇష్టపడే గడ్డి రకాలు త్వరగా చిగురించేవే. అందుకే కొన్ని జంతువులు అదే బీడుకు ఏళ్ల తరబడి తిరిగి వస్తాయని 2015లో ఆ బృందం రాసింది.

ఇంకో జాడ మనుషుల జ్ఞాపకాల్లో ఉంది. ఒకప్పుడు ఎక్కడెక్కడ కనబడేదో తెలుసుకోవడానికి ఆ బృందం వాళ్లు మత్స్యకారుల్ని అడిగారు. ఇప్పుడు కనబడే చోట్లు బాగా తగ్గాయని తేలింది. వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. ఒక ఈతకూ ఇంకో ఈతకూ మధ్య మూడు నుంచి ఏడేళ్లు. పోయినదాని లోటు అంత తొందరగా తీరదు.

పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) జంగ్లీఘాట్‌లో ఆంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగు మత్స్యకారులున్నారు. బెంగళూరు నుంచి విమానంలో కొద్ది గంటల ప్రయాణం. ఈసారి వెళ్తే బైనాక్యులర్ ఇంట్లోనే వదిలి, ముసలి తాతలెవరైనా దొరుకుతారేమో చూడాలి.