పాగ్సన్ కొలబద్ద

బందరు దగ్గరి మంగినపూడికి జనం పౌర్ణమికి వస్తారు, సముద్రస్నానానికి. చుక్కల కోసమైతే అమావాస్య దగ్గరపడ్డాక రావాలి. వెన్నెలుంటే సన్నచుక్కలన్నీ అందులో కలిసిపోతాయి. లైట్‌హౌస్‌కి వీపు పెట్టి నిలబడితే చాలు. టెలిస్కోపు తెచ్చినవాళ్లు ‘ఇందులో పదకొండో తరగతి చుక్క దాకా అందుతుంది’ అంటారు. ఆ లెక్క కట్టిన నార్మన్ పాగ్సన్ ఒకప్పుడు ఈ బందరుకే వచ్చి ఆకాశం చూశాడు.

చుక్కల్ని వెలుగును బట్టి ఆరు తరగతులు చేయడం పాత గ్రీకుల పద్ధతి. బాగా వెలిగేవి మొదటి తరగతి, కంటికి ఆనీ ఆననివి ఆరోది. మొదటి దానికీ ఆరో దానికీ వెలుగులో సుమారు నూరింతల తేడా ఉందని తర్వాత తేలింది. మరి ఒక్కో మెట్టుకి ఎంత? ఎవరి అంకె వారిదే. 1856లో, ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తూ, పాగ్సన్ 2.512 అన్నాడు. దాన్ని ఐదుసార్లు వేసి హెచ్చిస్తే నూరు.

పనితనమంతా ఆ అంకెను ఎంచుకోవడంలో ఉంది. టెలిస్కోపు కటకం వ్యాసం పదింతలైతే వైశాల్యం నూరింతలు, పట్టే వెలుగూ నూరింతలు. అంటే సరిగ్గా ఐదు మెట్లు. చీకట్లో విచ్చుకున్న కంటిపాప 7 మిల్లీమీటర్లు అనుకుంటే, 70 మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోపు మనల్ని ఆరో తరగతి నుంచి పదకొండుకి చేరుస్తుంది. కాగితం అక్కర్లేదు, నోటిలెక్క చాలు. పైగా పాత తరగతులు వేటినీ ఆయన చెరపలేదు. పాత ద్వారబంధానికే కొత్త తలుపు సందు లేకుండా బిగించిన వడ్రంగి పని ఇది.

సప్తర్షుల్లో వశిష్ఠుడు సుమారు రెండో తరగతి, పక్కనున్న అరుంధతి నాలుగు. రెండు మెట్లు, అంటే ఆరింతలకు పైగా మసక. (పట్టపగటి ముహూర్తంలో పురోహితుడు చూపించిన దిక్కుకి దండం పెట్టేవాళ్లకి ఈ లెక్కతో పనిలేదనుకోండి.)

1861లో మద్రాసు వేధశాల పాగ్సన్ చేతికొచ్చింది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణానికి ఆయన బందరులో మకాం వేశాడు. అక్కడ 1864 ఉప్పెనలో సుమారు ముప్పైవేల మంది పోయి అప్పటికి నాలుగేళ్లు కూడా కాలేదు. గుంటూరులో ఫ్రాన్సు నుంచి వచ్చిన ఖగోళవేత్త జాన్సెన్ ఉన్నాడు. ఆ గ్రహణం పేరు చెబితే ఇప్పటికీ ఆయన్నే తలుస్తారు.

సూర్యుడు ఐదు నిమిషాలకు పైగా పూర్తిగా మరుగయ్యాడు. అంచున లేచిన జ్వాలల వెలుగును స్పెక్ట్రోస్కోపులో విడదీస్తే ఒక పసుపు గీత కనిపించింది. చూసినవాళ్లు చాలామంది దాన్ని సోడియం గీతే అనుకున్నారు. పాగ్సన్ మాత్రం అది సోడియం చోటనైనా, దానికి దగ్గర్లోనైనా ఉందని రాసి ఊరుకున్నాడు. అంత హడావిడిలోనూ కంటికి తేలనిదాన్ని తేల్చి రాయకపోవడం నాకు 2.512 కంటే గొప్ప పనితనంగా తోస్తుంది.

ఆయన నివేదిక మద్రాసులో అచ్చయింది, యూరపులో చదివినవాళ్లు తక్కువ. ఆ గీత సోడియానిది కాదు, హీలియానిది. ఆ వాయువును భూమ్మీద రసాయనవేత్త రామ్సే పట్టుకున్నది 1895లో, పాగ్సన్ మద్రాసులో కన్నుమూసిన నాలుగేళ్లకు.