తొందరపడితే కలిసిపోతాయి

అయస్కాంతాల కోసం దేశాల మధ్య పేచీ ముదిరాక వాటిలో వాడే నియోడిమియం పేరు పేపర్లలో తరచూ కనిపిస్తోంది. మన భీమిలి తీరపు ఇసుకలోని మోనజైట్‌లోనూ అది ఉంది. కానీ తవ్వి తీయడం సగం పనే. దాని పక్కనే అంటిపెట్టుకుని ఉండే ప్రసియోడిమియం నుంచి విడదీయడం తక్కిన సగం. ల్యాబులో ఆ పని చేసేవాణ్ణి కాబట్టి నాకు ఆ రెండో సగమే పెద్దగా కనిపిస్తుంది.

ఆ రెండూ ఉన్న వరుసలో, లాంథనం నుంచి లుటీషియం దాకా, 15 మూలకాలు. అన్నిటి అయాన్లకూ మామూలుగా మూడు ధనావేశాలే. తేడా అల్లా సైజులోనే, అదీ పక్కపక్కవాటి మధ్య నూటికి ఒకటి రెండు పాళ్లు. 1911లో చార్లెస్ జేమ్స్ అనే రసాయన శాస్త్రవేత్తకు ఈ వరుసలోని థూలియంను శుద్ధంగా తీయడం కోసం దాదాపు 15,000 సార్లు స్ఫటికీకరణ చేయాల్సి వచ్చింది.

తర్వాత వచ్చిన కాలమ్ ఆ చాకిరీని తన మీద వేసుకుంది. గాజు గొట్టం నిండా రెసిన్ పూసలు. పైన మిశ్రమం పోస్తే అయాన్లన్నీ వాటిని పట్టుకుంటాయి. ఆపైన పీహెచ్ సరిచూసిన సిట్రేట్ ద్రావణం వదులుతాం. చిన్న అయాన్‌ను సిట్రేట్ గట్టిగా పట్టి ముందుకు లాక్కుపోతుంది. పెద్దది రెసిన్‌ను ఓ పట్టాన వదలదు. ఒక్క పూస దగ్గర ఆ తేడా లెక్కలోకే రాదు. అడుగుకు చేరేలోగా పట్టుకోవడం, వదలడం అన్నిసార్లు జరుగుతాయి కాబట్టే అది పెరిగి కంటికి కనిపిస్తుంది: కింద నియోడిమియం లేత ఊదా పట్టీ, పైన ప్రసియోడిమియం ఆకుపచ్చ పట్టీ. మధ్యలో రంగులు కలగలిసిన ఫ్రాక్షన్లను పారబోయం, మళ్లీ కాలమ్‌కే ఎక్కిస్తాం.

ప్రకృతిలో దాదాపు దొరకని 61వ మూలకం ప్రొమీథియంను 1945లో ఓక్ రిడ్జ్‌లో గుర్తించింది ఈ పద్ధతితోనే. యూరేనియం విచ్ఛిత్తి వ్యర్థాల్లోంచి మారిన్‌స్కీ, గ్లెండెనిన్, కోర్యెల్ దాన్ని పట్టుకున్నారు. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో టన్నుల లెక్క పనికి సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ వచ్చింది. అయినా క్యాన్సర్ చికిత్సకు వాడే లుటీషియం-177ను ఇటర్బియం నుంచి వేరుచేయాలంటే ఎక్కువగా కాలమ్‌నే నమ్ముకుంటారు.

కొత్తగా చేరిన పిల్లలు కాలమ్ అడుగున ఉండే కుళాయిని, అంటే స్టాప్‌కాక్‌ను, ఇంకాస్త తిప్పుదామంటారు. తిప్పితే పని త్వరగానే అవుతుంది, పట్టీలు మాత్రం ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఖనిజ విధానం గురించి మాట్లాడే పెద్దలూ ఇసుక లెక్కల దగ్గరే ఆగిపోతున్నారు. గనికి లీజు ఇవ్వడానికి సంతకం చాలు. విడదీసే చేయి తయారవడానికి ఏళ్లు పడుతుంది. ఖర్చు దానిమీద పెట్టాలి.